ఐదు కుర్చీలు, పదిహేడు వెండిబిళ్ళలు

మా చిన్నవాడు పళ్ళ డాక్టరు. నొప్పి పన్ను పీకించుకోవడానికి జనం వాడి దగ్గరికి మెట్లెక్కి వచ్చి, అద్దాల తొట్టిలో చేపల్ని చూసి, ఆ పన్నుతోనే మళ్ళీ మెట్లు దిగి వెళ్ళిపోయిన మూడు నెలల ముచ్చట ఇది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు నవ్వడానికి వీల్లేకపోయింది. ఒకటి, కన్నకొడుకు బతుకుదెరువు. రెండు, నవ్వితే ఎడమవైపు కింది దవడ పన్ను జివ్వుమని చెవిదాకా లాగేది.

ఆ పన్ను సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పళ్ళ డాక్టరు తల్లికే పంటినొప్పి అంటే నలుగురూ నవ్వుతారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, అసలు సంగతి అది కాదు. చెబితే వాడు కుర్చీలో కూర్చోమంటాడు. నలుగురు పిల్లల్ని కన్నాను, చెయ్యి విరిగితే కిమ్మనకుండా కట్టు కట్టించుకున్నాను, ఒకసారి తేలు కుట్టినా వంట ముగించాకే కూలబడ్డాను. ఆ కుర్చీని చూస్తే మాత్రం నాకు కాళ్ళలో వణుకు. అందుకని ఎడమ బుగ్గలో లవంగం పెట్టుకుని, కుడిపక్కన నములుతూ, రోజులు నెట్టుకొస్తున్నాను.

కుర్చీ అన్నాను కదా, ముందు దాని సంగతి చెప్పాలి. అది మా వియ్యంకుడుగారిది. ఆయనా పళ్ళ డాక్టరే. పెద్ద వీధిలో పెద్ద ఆసుపత్రి, నలభై ఏళ్ళ పేరు. మా వాడు చదువు ముగించాక ఆరేళ్ళు ఆయన దగ్గరే పని చేశాడు. పనంటే ఏం పని, రోగి నోట్లో ఊరే ఉమ్మిని పీల్చే గొట్టం ఒకటుంటుంది, అది పట్టుకుని నిలబడ్డాడు. చూసేది మామగారు, చెప్పేది మామగారు, పీకేది మామగారు. మా వాడి వంతుకు గొట్టం. ఆరేళ్ళు గడిచేసరికి వాడికి ఇంట్లో కూడా చెయ్యి అలాగే వంకరగా ఉండిపోయేది, టీ కప్పు పట్టుకున్నా గొట్టం పట్టుకున్నట్టే ఉండేది.

చివరికి ధైర్యం చేసి, సొంతంగా పెట్టుకుంటానన్నాడు. వియ్యంకుడుగారు కాదనలేదు. ఆయన ఎప్పుడూ కాదనరు, షరతు పెడతారు. వాడకుండా పక్కన పెట్టిన పాత కుర్చీ ఒకటి, రోగి పడుకునేది, మీట నొక్కితే లేచేది, మా వాడి గదికి పంపించి, వెనకాలే తనూ వచ్చారు. నేనిచ్చిన టీలో బిస్కెట్టు ముంచి, అది మెత్తబడిందాకా ఓపిగ్గా ఆగి, తిని, మూతి తుడుచుకుని అప్పుడన్నారు.

"మూడు నెలలు, అల్లుడూ. ఆ తర్వాత ఒక పొద్దున వస్తాను. పంటినొప్పితో వచ్చినవాళ్ళు గదిలో కనపడితే కుర్చీ నీది. కనపడకపోతే కుర్చీ, నువ్వు, ఇద్దరూ వెనక్కి."

మా కోడలు ఆయనకి ఒక్కగానొక్క కూతురు. తండ్రి మాటకి ఎదురు చెప్పలేదు గానీ, ఆయన అటు వెళ్ళగానే గోడమీద కేలెండరు తీసి తొంభయ్యో రోజు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టింది. ఆ సున్నా నాకు రోజూ నోరు తెరిచిన మనిషిలా కనిపించేది.

గది కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు పైన, పద్దెనిమిది మెట్లెక్కితే వస్తుంది. ముందు గదిలో ఐదు కుర్చీలు, మా కోడలు పేర్లు రాసుకునే బల్ల. వెనక గదిలో ఆ పెద్ద కుర్చీ. మధ్య తలుపు పలచటి చెక్క. లోపల పన్ను తొలిచే మర గుయ్యిమంటే బయట కూర్చున్నవాళ్ళ పళ్ళు కూడా గుయ్యిమంటాయి. దానికి ఉపాయంగా మా వాడు చేపల తొట్టి పెట్టించాడు. చేపల్ని చూస్తూ కూర్చుంటే గుండెదడ తగ్గుతుందని ఎక్కడో చదివాడట. గోడంత పొడుగు తొట్టి, నలుగురు మోశారు, మెట్ల మలుపు దగ్గర ఇరుక్కుని అరగంట అటూ ఇటూ కాకుండా ఉండిపోయింది.

చేపలు ఎంచింది చేపల కొట్టతనే. సముద్రంలో పగడపు దిబ్బల దగ్గర గుంపులుగా తిరిగే జాతట. పేరేదో చెప్పాడు, నాకు నోరు తిరగలేదు. అరచేయంత, పలచగా, గుండ్రంగా, తళతళా మెరిసే వెండిబిళ్ళల్లా ఉన్నాయి. కంటిమీంచి నల్లటి చార, వీపున లేత పసుపు రెక్క. వెండిబిళ్ళలనే పిలిచాం. గుంపంతా ఒకేసారి ఇటు తిరిగితే వెలుగు, అటు తిరిగితే నీడ, చూస్తే చెయ్యి పట్టుకుని నిద్రపుచ్చినట్టుంటుందని కొట్టతను చెప్పాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు గానీ మా వాడు అప్పటికే లెక్క తేల్చేశాడు. కుర్చీలు ఐదు కాబట్టి చేపలూ ఐదు. ఇరుకు లేకుండా హాయిగా ఉంటాయని వాడి ఉద్దేశం. ఆరేళ్ళు మామగారి మోచేతి కింద నిలబడ్డవాడికి విశాలంగా ఉండటమే సుఖం అనిపించడంలో తప్పేముంది.

రెండు రోజులు బాగానే ఉన్నాయి. మూడో రోజు నుంచి వాటిలో పెద్దది అన్నిటికన్నా చిన్నదాని వెంట పడింది. తిండి తిననివ్వదు, నిలవనివ్వదు, మూలకి తరిమి తోక కొరుకుతుంది. మిగతా మూడూ పెళ్ళికొచ్చిన చుట్టాల్లా పక్కకి తిరిగి నిలబడతాయి. నాలుగో రోజుకి చిన్నదాని తోక పాత చీపురులా అయింది.

సరిగ్గా ఆ వారమే జనం రావడం మొదలుపెట్టారు. మొదట వచ్చింది బస్సు డ్రైవరు, బుగ్గ బూరెలా వాచి ఉంది. తొట్టికి ఎదురుగా కూర్చున్నాడు. చూశాడు. పెద్దది చిన్నదాన్ని అద్దానికేసి అదిమి ఒక కొరుకు కొరికింది. లోపల మర గుయ్యిమంది. ఆయన లేచి, బస్సుకి వేళైందని దిగిపోయాడు. ఆ తర్వాత బడి పంతులమ్మ. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. మా కోడలు పేరు పిలిస్తే లేచి, "లోపల జరగబోయేది ముందే బయట చూపిస్తున్నారా అమ్మా?" అని అడిగి, సంచీ భుజాన వేసుకుని మెట్ల వైపు నడిచింది.

మా కోడలు పేర్ల పుస్తకంలో ఆ రెండు పేర్లూ కొట్టేసింది. ఆ సాయంత్రం మా వాడు ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. వాడి వృత్తే అలాంటి ఆలోచన ఇచ్చింది. చెడ్డ పన్ను ఒకటుంటే పక్క పళ్ళకీ తంటా, అది తీసేస్తే నోరంతా నెమ్మదిస్తుంది అన్నాడు. తీసేది పన్నయినా చేపైనా వాడికి ఒకటే పట్టుదల. మర్నాడు తెల్ల కోటు వేసుకుని, కుర్చీ ఎక్కి, వలబుట్టతో ఆ పెద్దదాన్ని పట్టడానికి ముప్పావుగంట తిప్పలు పడ్డాడు. లోపల కుర్చీలో ఒక ముసలాయన నోటినిండా దూది పెట్టుకుని ఆ ముప్పావుగంటా పైకప్పు దూలాలు లెక్కపెట్టుకుంటూ పడుకున్నాడు. మళ్ళీ ఆయన మా గడప తొక్కలేదు.

పీకిన చేపని ఎక్కడ పెడతాం? కొట్టతనికి తిరిగిచ్చేద్దామంటే, వేలాడేసిన మొహంతో వెళ్ళి నేను తప్పు చేశానని చెప్పినట్టుంటుందని మా వాడికి నామోషీ. దుప్పట్లు దాచే పెద్ద ప్లాస్టిక్ డబ్బా, లోపలిది పైకి కనపడేది, దాంట్లో ఉప్పునీళ్ళు పోసి, గాలిబుడగల గొట్టం పెట్టి మా ఇంటి స్నానాలగదిలో పెట్టాం. దుప్పట్లు నా మంచం మీదికి వచ్చాయి.

తొట్టిలో మిగిలిన నాలుగూ ఒక్కరోజు ప్రశాంతంగా ఉన్నాయి. రెండో రోజుకి, ఇన్నాళ్ళూ నోట్లో నాలుక లేనట్టున్న రెండోది పెద్దరికం అందుకుంది. మొదటిదానికన్నా ఇది నయమా అంటే, కొరకడంలో ఇంకా శ్రద్ధ. మా వాడు దాన్నీ పీకాడు. అది వంటింట్లో పొయ్యి పక్కన డబ్బాలోకి వచ్చింది. అప్పుడు మూడోది మొదలుపెట్టింది. దాన్ని పీకి వసారాలో పెట్టాం. ఇక మిగిలినవి రెండు. ఆ నాలుగోదాని సంగతి చెప్పనక్కర్లేదు, దానికి వేరే పనే లేదు, పొద్దున లేచింది మొదలు చిన్నదాని తోకే లోకం. దాన్ని తెచ్చి నా గదిలో కిటికీ కింద పెట్టారు.

అలా నలభై రోజులు గడిచేసరికి క్లినిక్కులో చేప ఒకటి, ఇంట్లో నాలుగు. స్నానానికి వెళ్ళాలంటే పెద్దది కళ్ళార్పకుండా చూస్తుందని మా కోడలు దాని డబ్బా మీద తువ్వాలు కప్పి స్నానం చేసేది. ఇంకో వింత. ఇంటికి వచ్చిన నాలుగూ వెండి పోగొట్టుకున్నాయి. మసిబట్టిన గిన్నెల్లా నల్లబడి, ఒక మూల నీళ్ళలో ఒరిగి నిలబడేవి. అంత తగాదాకోరు పెద్దది కూడా రొయ్య ముక్క వేస్తే మొహం తిప్పుకునేది. మా వాడు జబ్బేమోనని మందు తెచ్చి చుక్కలు వేశాడు. నీళ్ళు నీలంగా మారాయి, చేపలు నల్లగానే ఉన్నాయి.

క్లినిక్కులో మిగిలిన చిన్నదైతే ఇంకా ఘోరం. దాన్ని కొరికేవాళ్ళు లేరు, హాయిగా తిరగొచ్చు కదా? గొట్టం వెనక నక్కి బయటికే రాలేదు. అంత తొట్టీ ఖాళీగా బుడబుడమంటూ ఉండేది. క్షౌరశాల అతను ఒకడు, నోటి దురుసు మనిషి, పుచ్చుపన్నుతో వచ్చి వెతికి వెతికి దాని తోక కనిపెట్టి, "ఐదు కుర్చీలు, ఒక్క చేప. మిగతావి లోపలికెళ్ళి మళ్ళీ బయటికి రాలేదా?" అన్నాడు. ఆ మాట వాడి కొట్లో గడ్డం గీయించుకున్న ప్రతివాడి చెవినా పడింది. తర్వాతి వారం పేర్ల పుస్తకంలో మా కోడలు గడియారం బొమ్మలు వేసుకుంటూ కూర్చుంది. ఎర్ర సున్నాకి ఇక ముప్పయ్యేడు రోజులు.

ఒకరోజు ఇల్లు కడుగుతున్నాను. పన్ను సలపరం మీద ఉంది, పనిలో పడితే మరిచిపోతానని ఆశ. డబ్బాలు కాళ్ళకి అడ్డం. గాలి గొట్టాలు సరిచేసుకుంటూ, కోడలు ఒక పక్కా నేనొక పక్కా పట్టి ఒక్కోదాన్నీ నేల మీద జరుపుతూ నాలుగింటినీ వసారాలో ఒక గోడ వారకి చేర్చాం, అంచుకి అంచు తగిలేట్టు. ఇల్లు కడిగి, బట్ట పిండి ఆరేసి వచ్చేసరికి నా కళ్ళు నేను నమ్మలేదు. నాలుగూ వెండిలా మెరుస్తున్నాయి. నాలుగూ డబ్బాల అంచులకి వచ్చి, ఎవరి నీళ్ళలో వాళ్ళుండి, ఒకే వైపు తిరిగి నిలబడ్డాయి. బడిలో గంట కొట్టాక పిల్లలు నిలబడ్డట్టు వరస. నేను కాస్త జరిగితే నాలుగూ ఒక్కసారి గిరుక్కున ఇటు తిరిగాయి.

పరీక్షగా చూద్దామని మధ్యలో ఒక డబ్బాని దూరం జరిపాను. పావుగంటలో అది మసకబారింది. మళ్ళీ కలిపాను. తేరుకుంది.

నేను తడి నేల మీదే కూలబడి నవ్వాను. పన్ను లాగింది, అయినా నవ్వాను. ఎందుకంటే ఈ బాగోతం నాకు కొత్త కాదు. నేను కాపురానికి వెళ్ళినప్పుడు మేం ఏడుగురం తోడికోడళ్ళం. మా పెద్ద తోడికోడలికి పొద్దున్నే ఎవరో ఒకర్ని అనందే కాఫీ దిగేది కాదు. ఏడుగురం ఉన్నప్పుడు ఆవిడ మాట తలా పిడికెడు వచ్చేది, దులుపుకుని పోయేవాళ్ళం, వెనక చేరి నవ్వుకునేవాళ్ళం. తర్వాత ఉద్యోగాలని నలుగురు వేరే ఊళ్ళకి వెళ్ళారు. ముగ్గురం మిగిలాం. పిడికెడు కాస్తా తట్టెడైంది. ఆవిడ వల్లే ఇల్లు ఇలా ఉందనుకునేదాన్ని. ఆవిడ కూడా కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. ఇక ఇద్దరమే. సరిగ్గా నెల తిరక్కుండా, చెప్పుకుంటే సిగ్గు గానీ, రెండోదాన్ని నేను పట్టుకు పీడించడం మొదలుపెట్టాను. అన్నం మెతుకు కింద పడితే అరగంట. అప్పట్లో నాకు నేను తెలియలేదు. ఇప్పుడు డబ్బాలో మొహం కనపడింది.

ఆ పూటే చేపల కొట్టుకి వెళ్ళాను. కొట్టతను విని తల కొట్టుకున్నాడు. ఈ జాతిని అర డజనుకి తక్కువ ఎప్పుడూ పెట్టకూడదని, పదీ పదిహేనూ ఉంటే కొరకాలనుకున్నదానికి ఎవర్ని కొరకాలో తోచదని, మొదటిరోజే చెప్పబోయాడట. "డాక్టరుగారు వినలేదమ్మా. పళ్ళ డాక్టర్లకి ఎదుటివాడు నోరు తెరిస్తే వినే అలవాటుండదు" అన్నాడు. కొట్లో ఇంకో పన్నెండున్నాయి, అవే దిబ్బల దగ్గరివి, ఎవరూ కొనక వెనక తొట్టిలో పడి ఉన్నాయి.

ఇక కొడుక్కి చెప్పాలి. అన్నం దగ్గర చెప్పాను. వాడు ముద్ద దించి నా వైపు చూశాడు.

"ఐదుంటేనే కొట్టుకు చచ్చాయి కదమ్మా. పదిహేడు పెట్టమంటావా?"

"ఇది పన్ను కాదురా పీకితే పోవడానికి. నువ్వు చేపని తీస్తున్నావు, దాని కుర్చీ అక్కడే ఉంటోంది. ఇంకోటి వచ్చి కూర్చుంటోంది."

కోడలు నా కంచం వైపు చూస్తోంది. నేను గట్టి రొట్టె అంచులన్నీ తీసి పక్కన పేర్చాను, అలవాటైపోయింది కదా, చూసుకోలేదు. వాడూ చూశాడు. పళ్ళ డాక్టరు చూడగలిగింది చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

నేను మంచినీళ్ళు తాగాను. కుడిపక్క నుంచి తాగాను.

"నా తొట్టి సంగతి నీకు తెలుసు, నా కుర్చీ మాత్రం వద్దు" అన్నాడు వాడు. కోపంగా అనలేదు, అంటే బాగుండేది. "అమ్మ ఎక్కని కుర్చీ ఊళ్ళోవాళ్ళెందుకు ఎక్కుతారమ్మా?"

ఆ మాట పన్నుకన్నా లోతుగా దిగింది. ముందు చేపల సంగతి తేల్చు, అవి కుదురుకున్నాయంటే నేనూ ఎక్కుతానన్నాను. అవి కుదురుకోవని మనసులో ఓ మూల నాకు కాస్త ఆశ ఉందేమో, ఏం చెప్పను.

మర్నాడు పన్నెండు కొత్తవీ నాలుగు పాతవీ వచ్చాయి. దింపే ముందు కొట్టతను ఒక మాట అడిగాడు, తొట్టిలో రాళ్ళు ఎలా ఉన్నవి అలాగే ఉంచాలా అని. నేను వద్దన్నాను. మా ఉమ్మడి కుటుంబం ఇల్లు మారిన రోజు నాకు బాగా గుర్తు. ఏ కిటికీ ఎవరిదో, ఏ గూడు ఎవరిదో తెలియక, ఏడుగురం ఆ నెలంతా ఒకరికొకరు చోటిచ్చుకుంటూ తిరిగాం. అలాంటి నెల మళ్ళీ రాలేదు. అందుకని రాళ్ళన్నీ తీయించి చోట్లు మార్పించాను. చిన్నది దాక్కునే గొట్టం కూడా రెండో చివరకి పోయింది. అప్పుడు పదహారింటినీ ఒకేసారి వదిలాం.

నీళ్ళు కలకలమన్నాయి. పెద్దది వచ్చీరాగానే పాత కక్ష గుర్తొచ్చి చిన్నదాని వైపు దూసుకెళ్ళింది. మధ్యలో ఇంకోటి అడ్డం వచ్చింది. సరే దీన్నే అనుకుంటే అది పక్కకి జారి వేరేది కనపడింది. అలా నాలుగైదు సార్లు ఎవరి తోక ఎవరిదో తేల్చుకోలేక, చివరికి ఆగి, చుట్టూ చూసి, తనూ వాటితో పాటు తిరిగింది. పదిహేడూ ఒక్కసారిగా అటు తిరిగాయి. గది నిండా వెలుగు పడింది. మా కోడలు కలం పక్కన పెట్టేసి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది.

చిన్నది ఎక్కడుందో మాత్రం నాకు చాలాసేపు తెలియలేదు. గుంపులో నట్టనడుమ ఉంది, చీపురు తోకతో, అందరికన్నా ఒక క్షణం ఆలస్యంగా తిరుగుతూ.

ఇక కష్టాలు గట్టెక్కాయనుకున్నాం. అసలు కష్టం అప్పుడు మొదలైంది. జనం వచ్చారు, కాదనను. మొదట కింద కుట్టుమిషన్ల కొట్టతను టీ తాగడానికి పైకి వచ్చి చూసి వెళ్ళాడు. మరుసటి రోజు తన దగ్గరికి వచ్చినవాళ్ళని మిషన్ బాగయ్యేలోగా పైన కూర్చోమన్నాడు. బస్సు డ్రైవరు మళ్ళీ వచ్చాడు, బస్సు ఆగే పది నిమిషాలూ ఇక్కడే. పంతులమ్మ బడి వదలగానే పిల్లల పుస్తకాలు తెచ్చుకుని తొట్టి ముందు దిద్దేది. క్షౌరశాల అతను నోరు మూసుకుని కూర్చునేవాడు, అది చూడ్డానికే ఇద్దరు వచ్చారు. కుర్చీలు చాలక గోడకి ఆనుకుని నిలబడేవారు. మా కోడలు పేరు పిలిస్తే మాత్రం అందరూ మర్యాదస్తులైపోయేవారు. మీరు వెళ్ళండంటే మీరు వెళ్ళండి, మాకేం తొందర లేదు, ఇప్పుడే వచ్చాం. చేపల్ని చూస్తే గుండెదడ తగ్గుతుందని మా వాడు చదివింది నిజమే. మరీ తగ్గిపోయింది. లేవబుద్ధి కాలేదు ఎవరికీ. లోపల మా వాడు ఖాళీ కుర్చీని రోజుకి మూడుసార్లు తుడుస్తూ కూర్చున్నాడు. ఇక నా సంగతంటారా, చేపలు కుదురుకున్నాయి కాబట్టి నేను ఎక్కాలి. ముందు పైవాళ్ళు కానీరా, ఇంట్లోదాన్ని, నాకేం తొందర అన్నాను. నేనూ ఆ గుంపులోదాన్నే కదా.

తొంభయ్యో రోజు పొద్దున వియ్యంకుడుగారు వచ్చారు. మెట్లెక్కి గుమ్మంలో ఆగారు. గది కిటకిటలాడుతోంది. ఒక్క క్షణం ఆయన మొహంలో ఆశ్చర్యం చూశాను, మా కోడలు మొహంలో దీపం చూశాను. కానీ నలభై ఏళ్ళు నోళ్ళు చూసిన మనిషి ఆయన. ఒక్కొక్కరి బుగ్గ చూసుకుంటూ వచ్చారు. అందరి కళ్ళూ తొట్టి మీదున్నాయి. కోడలిచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు బల్లమీద పెట్టి, నెమ్మదిగా అడిగారు.

"వీళ్ళలో పంటినొప్పి ఎవరికి?"

పంతులమ్మ ఎర్ర సిరా కలానికి మూత పెట్టింది. బస్సు డ్రైవరు గడియారం చూసుకున్నాడు. క్షౌరశాల అతను పైకప్పు చూశాడు. మొదటిసారి వచ్చినప్పుడు ముగ్గురూ పట్టుకొచ్చిన పళ్ళు ఇంకా నోళ్ళలోనే ఉన్నాయని నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. ఒక్కరూ చెయ్యెత్తలేదు. మా వాడు మధ్య తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. వాడి కుడిచెయ్యి, నేను చూస్తుండగానే, గొట్టం పట్టుకున్నట్టు మెల్లగా వంకరైంది.

"నాకు" అన్నాను.

ఆ మాట నేనే అన్నానని నాకే కాసేపటికి గానీ తెలియలేదు. లేచాను. తలుపు మాత్రం తీసి ఉంచమన్నాను, తొట్టి కనపడాలని. కుర్చీలో పడుకున్నాను, వాడు మీట నొక్కితే నేల నుంచి లేచాను. మత్తు సూది చీమ కుట్టినట్టుంది, అంతే. అది పని చేసిందాకా చేపల్ని చూశాను. అటు తిరిగాయి, ఇటు తిరిగాయి. వాడి చెయ్యి నా దవడ మీద, పసిప్రాయంలో నా వేలు పట్టుకున్న చెయ్యే, ఇప్పుడు బరువుగా, తొందర లేకుండా ఉంది. కట్‌మని చప్పుడు వినపడింది. ఎప్పుడు పీకుతావురా అని అడగబోతే, పళ్ళెంలో పన్ను చూపించాడు.

దూది కరుచుకుని బయటికి వచ్చి నా చోట్లో కూర్చున్నాను. నోరు తెరిచి ఏం చెప్పలేను కాబట్టి, వేళ్ళతో చీమంత అని చూపించాను.

ముందు బస్సు డ్రైవరు లేచాడు. ఆయన లేవగానే పంతులమ్మ లేచింది. దానితో ఇటువైపు ఇద్దరూ, గోడకి ఆనుకున్న ముగ్గురూ, అందరూ ఒక్కసారిగా తలుపు వైపు తిరిగారు. నేను ముందు అన్నది పంతులమ్మ, లైను లైను అన్నాడు క్షౌరశాల అతను. మా కోడలు కలం కోసం బల్ల కింద వెతుక్కుంది. పదిమందితో చావైనా పెళ్ళితో సమానమని ఊరికే అనలేదు పెద్దలు, ఒక్కరొక్కరుగా ఎక్కలేని కుర్చీకి అందరూ కలిసి తోసుకున్నారు.

వియ్యంకుడుగారు నా పక్క కుర్చీలో కూర్చుని తొట్టి చూస్తున్నారు. గంట గడిచింది, రెండు గడిచాయి, ఆయన కదల్లేదు. మళ్ళీ మంచినీళ్ళు అడిగి తాగారు. తల ఒక పక్కకి వాల్చి, కుడివైపు తగలకుండా తాగారు. దొంగని దొంగే పట్టాలి. టీలో నానబెట్టిన బిస్కెట్టు నాకప్పుడు గుర్తొచ్చింది. మత్తు కాస్త దిగాక, దూది తీసి, ఆయన వైపు ఒరిగి అడిగాను.

"అన్నయ్యగారూ, ఎన్నేళ్ళయింది?"

ఆయన చుట్టూ చూశారు. ఎవరూ వినట్లేదని తేల్చుకున్నాక గొంతు తగ్గించారు. "రెండేళ్ళు, చెల్లెమ్మా. నా పన్ను నేనే చూసుకోలేను కదా. ఇంకొకరి ముందు నోరు తెరవాలంటే..."

నేను మా కోడలికి సైగ చేశాను. అది తెలివైన పిల్ల, పుస్తకంలో పేరు రాసింది, వరసలో ఆఖరున. వంతు వచ్చాక నిలబడి, ఇంకెవరినైనా పిలిచినట్టే పిలిచింది. ఆయన తొట్టి వైపు ఒకసారి చూసి, కోటు విప్పి నా చేతికిచ్చి, లోపలికి వెళ్ళారు.

కుర్చీ తీసుకెళ్ళడానికి వచ్చిన మనిషి కుర్చీలో పడుకున్నారు. మా వాడు చూశాడు, మా వాడు చెప్పాడు, మా వాడే పీకాడు. ఉమ్మి గొట్టం పట్టుకుంది మా కోడలు. ఆయన నోటి నిండా గొట్టమూ అద్దమూ ఉన్నా ఊరుకోలేదు, పన్ను ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో, మొదటి నుంచి చివరిదాకా చెబుతూనే ఉన్నారు. చేతులు ఊపుతూ చెప్పారు, కళ్ళు పెద్దవి చేసి చెప్పారు. కూతురూ అల్లుడూ తలలు వంచుకుని పని చేసుకుంటున్నారు. చేపల కొట్టతను అన్న మాట నాకు గుర్తొచ్చి, బయట కూర్చుని, పన్ను లేని బుగ్గ పట్టుకుని, కడుపారా నవ్వాను.

అంతా అయ్యాక ఆయన లేచి, దూది కరుచుకుని, ఆ కుర్చీ చేతిని రెండుసార్లు తట్టి, మా వాడి వైపు వేలు చూపించారు. మెట్ల దగ్గర ఆగి నా చేతిలో కోటు అందుకున్నారు. అందుకున్నారు గానీ తొడుక్కోలేదు. వెనక్కి వచ్చి, కోటు ఒళ్ళో పెట్టుకుని, తొట్టికి ఎదురుగా కూర్చున్నారు.

మత్తు దిగిందాకానే అన్నారు. పొద్దుగూకేదాకా కూర్చున్నారు.